గుట్టుల్లి పూయని ఏడాది

కరోనా రెండో విడత తగ్గిన మరుసటి ఏడాది, మే నెల మొదటి సోమవారం నాకు జగిత్యాల జిల్లా డ్యూటీ పడింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక పర్యావరణ కన్సల్టెన్సీలో ఫీల్డ్ బోటనిస్టును. హోదాల వరసలో కింది నుంచి రెండో మెట్టు: నా కింద ట్రైనీలు, నా పైన ప్రాజెక్ట్ మేనేజర్. నాలుగేళ్లు చేసి ఇరవై తొమ్మిదో ఏట మానేశాను. మా ఇంట్లో దాన్ని రిటైర్మెంట్ అని వెక్కిరిస్తారు. వెక్కిరింత సంగతి ఎలా ఉన్నా మాట సరైనదే. ఆ పనిలోకి మళ్లీ పోను.

పనేమిటో ముందు చెప్పాలి. ఎక్కడైనా క్వారీ పెట్టదలచిన కంపెనీ, ఆ నేల మీద ఏమున్నదో వివరిస్తూ ప్రభుత్వానికి ఒక రిపోర్టు ఇవ్వాలి. నీళ్లు, దుమ్ము, చప్పుడు, జంతువులు, మొక్కలు, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. మొక్కల అధ్యాయం నాది. ఆ రిపోర్టు రాసినందుకు మా కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది క్వారీ పెట్టే కంపెనీయే. ఇందులో దొంగతనం ఏమీ లేదు, పద్ధతే అంత. మేము అబద్ధం రాయం. కానీ మూడు రోజుల్లో ముగించాల్సిన సర్వేలో, కంటికి కనబడని దాని కోసం నాలుగో రోజు ఉండమని ఎవరూ చెప్పరు.

గుట్ట బుగ్గారం దాటాక ఒక ఊరి పక్కన ఉంది. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది. నేను కోరుట్లలో ఒక గది తీసుకుని, అద్దె స్కూటీ మీద రోజూ పోయి వచ్చేదాన్ని. గుట్ట ముందు వైపు రెవెన్యూ భూమి, కంపెనీ అడిగింది ఆ భాగమే. వెనక వాలు అటవీ శాఖది. రాయి మాత్రం రెండు వైపులా ఒకటే, గోధుమ రంగు గ్రానైట్. కోసి మెరుగు పెడితే అద్దంలా మెరుస్తుంది.

దారి చూపడానికి ఊళ్లో ఒక మనిషిని మాట్లాడుకున్నాం. పేరు మల్లేశం గౌడ్, యాభై ఐదేళ్లుంటాయి. గుట్ట పాదాన ఉన్న తాటిచెట్లు గీస్తాడు. ఎండాకాలంలో కల్లేదారు కూడా. బీడీలు చుట్టే తునికాకును ఊరివాళ్లు గుట్ట మీద కోసి కట్టలు కట్టి తెస్తే, ఆరబెట్టే చోటును కల్లం అంటారు. కల్లం మీద పెత్తనం చేసేవాడు కల్లేదారు. మొదటి రోజు నేను ప్రతి మలుపులో ఆగి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుకుతుంటే అతను ఓపిక పట్టలేకపోయాడు.

"మేడం, గుట్ట మీద నీ ఫోన్ నడవది. నువ్వన్న నడువు."

నాకు ఒళ్లు మండింది. ఫోన్ నా పనిముట్టు అనీ, ప్రతి మొక్క ఫోటోకూ స్థానం నమోదవుతుందనీ, అది లేకపోతే నా సర్వే చెల్లదనీ గట్టిగానే చెప్పాను. అతను అంతా విని, "నా మోకు సుత నా పనిముట్టే. గానీ చెట్టెక్కినప్పుడే కట్టుకుంట, బువ్వ తినంగ కట్టుకోను," అని ముందుకు నడిచాడు.

పైకి పోవడానికి ఒక గంట. పైన నున్నటి బండ పరుపు. దాని మీద అక్కడక్కడ తాంబాళమంత గుంతలు, గుంతల్లో నాలుగు వేళ్ల మందం మన్ను, అందులో గడ్డి. మా పద్ధతి ప్రకారం చిన్న మొక్కలను ఒక మీటరు చదరపు చట్రం పరిచి లెక్కిస్తాం. మూడో చట్రంలో, గడ్డి మధ్య, జానెడు పొడవు ఎండు కాడ ఒకటి దొరికింది. చివర మూడు పలకల కాయలు, లోపల కాగితంలా పలచటి నల్ల గింజలు. ఆకులు లేవు. మన్ను గీకితే ఉల్లిగడ్డలాంటి గడ్డ, మెడ దగ్గర గులాబి రంగు.

మూడు పలకల కాయ, గడ్డ, ఆకు లేకుండా లేచే కాడ. పాత పుస్తకాల లెక్కలో ఇది లిల్లీ కుటుంబం. ఈ జిల్లాల్లో దొరికే మామూలు అడవి ఉల్లి నాకు బాగా తెలుసు. దాని కాడ నడుమెత్తు ఉంటుంది, కాయలు దూరదూరంగా ఉంటాయి, గుట్ట కింద లోతు మట్టిలో పెరుగుతుంది. ఇది జానెడే, కాయలు గుత్తిగా ఉన్నాయి, బండ గుంతలో ఉంది. ఇది అది కాదు. మోకాళ్ల మీద కూర్చుని నలభై ఫోటోలు తీశాను.

"గిదా? గుట్టుల్లి," అన్నాడు మల్లేశం. "మా మేకలు సుత ముట్టయ్. ఎండల మొదటి వాన వడ్డంక లేస్తది. పొద్దుమూకంగ ఇచ్చుకుంటది, తెల్లారేసరికి ముడుసుకుంటది. గీ బండంత తెల్లగ, పేలాలు పోసినట్టుంటది. నువ్వు ఇరవై దినాలు లేటొచ్చినవు మేడం."

ఆ ఏడు మొదటి వాన ఏప్రిల్ మధ్యలోనే పడిపోయింది.

మొక్కతో పాటు దాని ఆవాసం గురించి కూడా ఒక ఫారం నింపాలి. ఎత్తు, వాలు, రాయి, మన్ను లోతు, నీడ, పశువుల మేత, మంట. మంట దగ్గరకు వచ్చేసరికి మల్లేశాన్ని అడిగాను, ఇక్కడ నిప్పు పెడతారా అని. "మేమెందుకు వెడ్తం మేడం," అని కింద తన తాటిచెట్ల వైపు చూశాడు. బండ మీద నలుపు కనబడింది కానీ గ్రానైట్ మీద నల్ల చారలు సహజంగానే ఉంటాయి, వానకు తడిసి ఎండకు ఎండే ఒక రకం నాచు. ఆ విషయం తెలిసినదాన్ని కాబట్టి ఇంకోసారి చూడలేదు. 'లేదు' అని టిక్ పెట్టాను.

దిగేటప్పుడు అతను అడిగాడు, ఈ పువ్వు పేరు తేలితే ఏమవుతుందని. చెప్పాను. అరుదైనదని తేలితే నిపుణుల కమిటీ విడిగా అధ్యయనం అడుగుతుంది, అది ఏళ్లు పడుతుంది, అంతకాలం ఆగలేక కంపెనీలు సాధారణంగా వేరే గుట్ట చూసుకుంటాయి. మల్లేశం నిలబడిపోయాడు. పక్క ఊరి క్వారీ కింద ఉన్న తాళ్లను, అంటే తాటిచెట్లను, అతను చూశాడట. మట్టల మీద, కల్లు పట్టే లొట్టి మూతి మీద, లోపలి కల్లులో, అంతటా తెల్ల దుమ్ము. అక్కడి గీత కార్మికులు మోకులు అటక మీద పడేశారట.

"అంటే పువ్వు దొరికితే గుట్ట ఆగుతదన్నట్టు."

"ఆగుతది," అన్నాను. అంత ఖచ్చితంగా అనే హక్కు నాకు లేదు. ఆ ఉత్సాహంలో అనేశాను.

ఎండిన మొక్కను కాగితాల మధ్య నొక్కి, షీటు మీద అంటించి, విశ్వనాథం సార్‌కు పంపాను. ఆయన ముప్పై ఏళ్లు హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో, పనిచేసి రిటైరైనవారు. మా కన్సల్టెన్సీ పంపే షీట్లకు పేరు రాసి సంతకం చేసేది ఆయనే. ఆయన సంతకం లేని పేరును కమిటీ పట్టించుకోదు. వారం తర్వాత ఫోన్ చేశారు. ఇది ఎవరికీ తెలియని మొక్కైనా కావచ్చు, తెలిసిన మొక్కే ఎవరూ చూడని చోట దొరికిందైనా కావచ్చు అన్నారు. ఈ జాతిలో రేకులు అడుగున కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా, కేసరాలు ఎలా ఉన్నాయన్నదే అసలు లెక్క.

"పువ్వు పంపించమ్మా, పేరు రాస్తాను. పువ్వు లేకుండా రాస్తే అది నా ఊహ అవుతుంది."

క్వారీ రిపోర్టుకు ఒకటి కంటే ఎక్కువ సీజన్లలో సర్వే చేయాలన్న నియమం అప్పుడు నాకు కలిసొచ్చింది. మేనేజర్‌తో వారం రోజులు పోట్లాడి వచ్చే ఏడు రెండు విడతలు రాయించుకున్నాను. ఫిబ్రవరిలో ఒకసారి, గుంతలకు గుర్తులు పెట్టడానికి. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, పువ్వు కోసం. జూన్ ఆఖరుకు రిపోర్టు పోవాలి, ఒక్క రోజు అటూ ఇటూ కాకూడదు. అంటే ఒకే ఒక్క పూత నాకు మిగిలింది.

ఫిబ్రవరిలో, శివరాత్రి దాటిన నాలుగో రోజు, కోరుట్ల నుంచి వస్తుంటే రెండు కిలోమీటర్ల దూరం నుంచే పొగ కనబడింది. స్కూటీ పారేసి గుట్ట ఎక్కాను. ముందు వాలు మీద మంట ఒక గీతలా పాకుతోంది. నలుగురు మగవాళ్లు పచ్చి వేపమండలు పట్టుకుని దాన్ని ఇటు అటు అదుపు చేస్తున్నారు. వాళ్లలో ముందున్నది మల్లేశం గౌడ్.

నేను ఏమేమి అరిచానో అన్నీ ఇక్కడ రాయలేను. అతను మాత్రం మామూలుగానే చెప్పాడు.

"గిది ఏడాదేడాది చేసేదే మేడం. తునికి పొదలు కాలితెనే కొత్త ఇగురస్తది. పాత ఆకు మొద్దుగుంటది, బీడీ చుడితే పలుగుతది. రేపటికి సల్లారుతది."

"మంట పెట్టం అన్నవ్ కదా కాకా! నీ బీడీల కోసం గుట్ట కాలబెడతవా? ఆ గడ్డలు లోపలే ఉడికిపోతయ్!"

"ఉడకయ్ మేడం. నువ్వు జెర నిమ్మలంగ ఇను, గా గుట్టుల్లి..."

నేను వినలేదు. ఫోన్ తీసి నలభై సెకన్ల వీడియో తీశాను. మంట, మండలు పట్టుకున్న చేతులు, మల్లేశం ముఖం. నిరుడు వెతగ్గా సిగ్నల్ దొరికిన రాయి ఎక్కి, మంటల ఫిర్యాదుల నంబరుకు స్థానంతో సహా పంపాను. మేనేజర్‌కూ పంపాను. గంటన్నరలో అటవీ సిబ్బంది వచ్చారు. వీపుకు తగిలించుకునే గాలి యంత్రాలతో ఆకులు ఊది దారి చేసి, మంట బండ పరుపుకు చేరకముందే ఆపారు. గుంతలన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక్కో గుంత పక్కన పసుపు రంగు గుర్తు వేసుకుంటూ తిరిగాను. ఆ సాయంత్రం మేనేజర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది, చాలా మంచి డాక్యుమెంటేషన్ అని. నాలుగేళ్లలో అతను నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మంట వెనక వాలు వైపు పోతోందన్న కారణం మీద మల్లేశం మీద కేసు పెట్టారు. వీడియోలో ముఖం స్పష్టంగా కనబడింది ఒక్క అతనిదే. రెండు రోజులు అటవీ శాఖ ఆఫీసులో కూర్చోబెట్టి పంపారట. తునికాకు కాంట్రాక్టర్ అతన్ని కల్లేదారు పని నుంచి తీసేశాడు. ఆ ఏడు ఊళ్లో ఇంకెవరూ నిప్పు ముట్టలేదు. ఇవన్నీ నాకు ఏప్రిల్‌లో తెలిశాయి. బాధ కలగలేదని చెప్పాలి. చట్టం ఉంది, తప్పు చేశాడు, నా మొక్క బతికింది. అలాగే అనుకున్నాను.

మొదటి వాన ఏప్రిల్ ఇరవై దాటాక పడింది. గాలివాన, మామిడికాయలన్నీ రాలాయి. మరునాడు మధ్యాహ్నం మూడింటికల్లా బండ మీద ఉన్నాను. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి, నొక్కే చట్రం, స్పిరిట్ సీసాలు, భూతద్దం, అన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నాను. చీకటి పడేదాకా చూసి దిగాను. ఏమీ లేవలేదు. మరునాడూ అంతే. నాలుగో రోజు ఇంకో వాన పడింది. ఆశ పుట్టి మళ్లీ ఎక్కాను. పదకొండు రోజులు ఎక్కి దిగాను. గుంతల్లో నిరుటి గడ్డి చాపలా పరుచుకుని, వానకు కుళ్లి వాసన వేస్తోంది. ఆ చాప కింద వేలు పెట్టి తడిమితే గడ్డలు గట్టిగా, బతికే ఉన్నాయి. ఒక్కదానికి కూడా కాడ లేదు. డెబ్బై మూడు గుంతలకు గుర్తులు పెట్టాను. డెబ్బై మూడూ చూశాను.

పన్నెండో రోజు నీళ్ల కోసం మల్లేశం ఇంటికి పోయాను. వేరే ఇళ్లలో నాకు నీళ్లు ఇవ్వడం ఫిబ్రవరి నుంచే మానేశారు. అతను అరుగు మీద కూర్చుని మోకు సరిచేసుకుంటున్నాడు, తలెత్తలేదు. అతని భార్య పోశవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె లేచి నీళ్లిచ్చి, నా ముఖం చూసి, అడగకుండానే అంది.

"లెవ్వలేదా బిడ్డా? లెవ్వది. మంట వెడితేనే లేస్తది గది. కాలినంక బూడిదల మొదటి వాన వడాలె. గప్పుడు సూడు, ఒక్క దినంల బండంత తెల్లగైతది. మొన్న మీరు ఆర్పిచ్చిరి గదా."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాను అనడం తప్పు, అరిచాను.

పోశవ్వ కూడా గొంతు పెంచింది. "ఎట్ల చెప్తం? మంట వెడ్తరా అని కాయితం వట్టుకొని అడిగినవు. వెడ్తమని చెప్తే ఏం జేస్తరో మాకెర్కలేదా? చెప్పకుంటెనే గింత జేస్తివి. గా దినం చెప్పవోతే ఇన్నవా? మా ముసలోడు నిన్ను కుక్కను తన్నినట్టు తన్నలేదని సంతోషపడు."

"నువ్వు ఊకో," అన్నాడు మల్లేశం.

గోడ పక్కన నిలబడి ఫోన్‌లో నిరుటి ఫోటోలు తెరిచాను. ఎండు కాడను నలభై సార్లు తీశానని చెప్పాను కదా. ఇప్పుడు కాడను వదిలేసి దాని చుట్టూ పెద్దవి చేసి చూశాను. గడ్డి దుబ్బుల మొదళ్లు మాడి ఉన్నాయి. రాతి చీలికలో మసి. నేను నాచు అనుకున్నది వేలితో ఒకసారి తుడిచినా తెలిసేది. బోటనీలో మాస్టర్స్ చేసినదాన్ని, ఒక్క వేలు పెట్టలేదు.

విశ్వనాథం సార్‌కు అక్కడి నుంచే ఫోన్ చేశాను. నమ్మదగిన సంగతే అన్నారాయన. గడ్డ మొక్కల్లో కొన్నింటికి పైనున్న గడ్డి కాలిపోయి వెలుతురు, బూడిద తగిలితేనే మొగ్గ కదులుతుంది, వేరే చోట్ల ఇలాంటివి ఉన్నాయి. కానీ పేరు రాయడానికి అది చాలదు. వచ్చే ఏడు చూద్దాం అన్నారు. నాకు వచ్చే ఏడు లేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మల్లేశం ముందు కూర్చుని, ఒక్క గుంత, ఒకే ఒక్క గుంత కాల్చమని బతిమాలాను. నేనే బాధ్యత తీసుకుంటానన్నాను, రాసిస్తానన్నాను.

అతను మొదటిసారి తలెత్తాడు. "తడి గడ్డి ఎట్ల కాలుతది మేడం? అయినా గిప్పుడు కాలవెడితే గడ్డ సస్తది. గడ్డ నిద్రవోంగ, శివరాత్రికి అటు ఇటు కాలాలె. గది నాకెర్క, మా నాయినకెర్క. నీకే ఎర్కలేకపాయె." మళ్లీ మోకు అందుకున్నాడు. "ఇంకో కేసు నా మీద పడితే మోయలేను."

కోరుట్ల గదిలో కూర్చుని నా అధ్యాయం రాశాను. గుర్తించలేని లిల్లీ జాతి మొక్క ఒకటి ఉందనీ, అది ఏటా వేసవికి ముందు వచ్చే మంట మీద ఆధారపడి పూస్తున్నట్టు కనబడుతోందనీ, ఇంకో ఏడాది గడువు ఇవ్వాలనీ రాసి మేనేజర్‌కు పంపాను. రెండు రోజుల్లో ముసాయిదా తిరిగొచ్చింది. అందులో నా వాక్యం సగమే ఉంది. 'ఈ గుట్ట ఏటా మానవ కారణాల వల్ల దగ్ధమవుతోంది' అన్నది మిగిలింది. దాని కింద కొత్త వాక్యం: 'కావున ఈ ఆవాసం క్షీణించినది, పరిరక్షణ విలువ తక్కువ.' సాక్ష్యంగా అనుబంధంలో ఆరు చిత్రాలు. నా నలభై సెకన్ల వీడియో లోంచి కత్తిరించినవి. ఆరింటిలో రెండింట్లో మల్లేశం ఉన్నాడు.

ఫోన్‌లో మేనేజర్‌ను తిట్టాను. అతను కోప్పడలేదు. నువ్వు రాసిందే కదా, నువ్వు తీసిందే కదా, ఇందులో అబద్ధం ఏముందో చూపించు, తీసేస్తాను అన్నాడు. చూపించలేకపోయాను. మంట సంగతి ఉంచితే, ఊరి మొత్తం మీద నేరం నా చేత్తోనే రాసినట్టు. తీసేస్తే, పువ్వు ఎందుకు పూయలేదో చెప్పే కారణమే ఉండదు. చివరికి మంట మాటలన్నీ తీసేయించాను, మల్లేశం ముఖం ఉన్న రెండు చిత్రాలు కూడా. ముఖాలు కనబడని మిగిలిన నాలుగూ, ఆ 'కావున' వాక్యమూ ఉండిపోయాయి. మంటకు బదులు 'మానవ కార్యకలాపాల వల్ల' అని మార్చారు. గుట్టుల్లి గురించి మిగిలింది ఒకే వరస: లిల్లీ జాతి, పూత లేదు, నిర్ధారణ కాలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ వర్షాకాలంలో, ఊరి బడి ముందు టెంటు వేసి జరిపారు. క్వారీకి అనుమతి ఇచ్చే ముందు ఊరివాళ్ల మాట వినాలన్నది నియమం. రిపోర్టు తయారుచేసిన వాళ్లం మేమూ పక్కన కుర్చీల్లో కూర్చోవాలి. ఉద్యోగాలు వస్తాయని కొందరు మాట్లాడారు, నీళ్లు పోతాయని కొందరు. మల్లేశం గౌడ్ మైకు పట్టుకుని తన తాళ్ల గురించి ఒక్క ముక్క అనలేదు. గుట్ట మీద ఎక్కడా లేని పువ్వు ఉందన్నాడు. ఏ పువ్వని అధికారి అడిగారు. గుట్టుల్లి అన్నాడు. రిపోర్టులో ఆ పేరు లేదన్నారు అధికారి.

"కాయితంల లేకుంటే గుట్ట మీద లేనట్టా సారూ? గా మేడం సూసింది. గామెనె అడుగుండ్రి. పువ్వు దొరికితే గుట్ట ఆగుతదని నాతోని అన్నది సుత గామెనె."

అందరూ నా వైపు తిరిగారు. నాకు మైకు ఇచ్చారు. ఎండిన కాడ చూశాను, పువ్వు చూడలేదు, శాస్త్రీయంగా పేరు తేలలేదు అని చెప్పాను. ప్రతి మాటా నిజమే. పువ్వు ఎందుకు పూయలేదో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆ వాక్యం చెబితే ఎదుట కూర్చున్న సగం మంది నేరం ఒప్పుకున్నట్టు నమోదవుతుంది. మైకు పక్కవాళ్లకు ఇచ్చేశాను. మల్లేశం ఇంకొంచెంసేపు నిలబడి, నేను ఇంకేమైనా అంటానేమోనని చూసి, కూర్చున్నాడు. కార్యదర్శి మినిట్స్‌లో రాసుకున్నారు: 'అభ్యంతరానికి ఆధారం లేదు.'

చలికాలంలో అనుమతి వచ్చింది. మొదటి బ్లాస్టింగ్ బండ పరుపు మీదే చేశారు, రాయి మొదలయ్యేది అక్కడే కాబట్టి. ఆ నెలలోనే రాజీనామా చేశాను. దాని వల్ల గుట్టకు ఒరిగింది ఏమీ లేదు.

మల్లేశాన్ని ఆ తర్వాత ఒక్కసారే చూశాను. తాళ్ల మీద దుమ్ము పడి గీత ఆగిపోయిందనీ, పోశవ్వ తమ్ముడి దగ్గర సిరిసిల్లలో పని చేస్తున్నాడనీ తెలిసి పోయాను. సాంచెల షెడ్డు అది, మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అతను నూలు చుట్టిన బీములు భుజాన మోసి లోపలికి చేరుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి బయటికి తీసుకొచ్చాడు, చాయ్ చెప్పాడు. నేను క్షమించమన్నాను. అతను చాయ్‌లో చక్కెర తక్కువైందని హోటలాయనను కేకేశాడు.

పోయే ముందు, అడగకూడదని తెలిసీ అడిగాను. ఆ పువ్వు ఇంకెక్కడైనా ఉందా కాకా?

"ఉన్నది," అన్నాడు. "ఇంకో గుట్ట మీద. మస్తుగున్నది."

"ఏ గుట్ట?"

"చెప్ప."

నేను ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేనన్నాను. ఎవరికీ చెప్పనన్నాను. విశ్వనాథం సార్‌కు ఒక్క పువ్వు ఇస్తే పేరు వస్తుందని, పేరు వస్తే కాపాడవచ్చని చెప్పాను. అతను చాయ్ తాగేదాకా విన్నాడు.

"కోపంతోని అంటలేను మేడం. నీ మీద నాకేం కోపం లేదు. గానీ నీకు చెప్తే నువ్వొస్తవు, అడుగుతవు, రాస్తవు, ఫోటో తీస్తవు. మంచికే తీస్తవు. గప్పుడు సుత మంచికే తీసినవు." గ్లాసు కింద పెట్టి, నా చాయ్‌కు కూడా తనే డబ్బులిచ్చి లోపలికి పోయాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఒక మొక్క ఆవాసంలో రాయి, మన్ను, ఎత్తు, వానతో పాటు అక్కడి మనుషులు ఏటా చేసే పని కూడా ఉంటుంది. ఆ పని చట్టం ముందు నేరమైతే, సర్వేకు వచ్చినవాళ్లకు దాన్ని చెప్పరు. చెప్పనంతకాలం మన రిపోర్టు తప్పే. ఇంకో తీరుగా అడిగితే చెప్పేవాళ్లా అంటే, నాకు తెలియదు. ఇక ఆ రెండో గుట్టను కనిపెట్టడం కష్టమేమీ కాదు. శివరాత్రి రోజుల్లో ఉపగ్రహం చూపించే మంటల చుక్కలు ఫోన్‌లోనే వస్తాయి. చుట్టుపక్కల మండలాల్లో బండ ఉన్న గుట్టలను వాటితో సరిచూస్తే ఏడెనిమిది మిగులుతాయి. ఒక్క పూట పని. నేను చూడలేదు.